సూదికి ముందు రక్తం

రిపోర్టులో ఏమీ రాలేదంటే ఆమె సంతోషించేవారు కాదు. నందిగామలో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సూక్ష్మజీవుల పరీక్షలు చేసే డాక్టరు ఆమె. జ్వరంతో వచ్చినవాళ్ళ రక్తంలో క్రిములు చేరాయా, చేరితే అవి ఏ జాతివి, ఏ మందుకు చస్తాయి, ఏ మందుకు చావవు అని కనిపెట్టడం ఆమె పని. రక్తం పోసి వెచ్చటి పెట్టెలో ఉంచిన సీసాలో ఏమీ మొలవకపోతే రోగి తాలూకువాళ్ళు గండం గడిచిందనుకుంటారు. ఆమె మాత్రం ఆ సీసాను కిటికీ వెలుగులోకి ఎత్తి, తప్పు చేసి నోరు మెదపని పిల్లవాణ్ణి చూసినట్టు చూసేవారు. "ఏమీ మొలవలేదంటే ఏమీ లేదని కాదండి. మన దగ్గరికి వచ్చేముందే ఎవరో సూది పొడిచి ఉంటారు" అనేవారు.

పోయిన నెలలో ఆమె పోయారు. పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. ఆమె గురించి రాయమని అడిగింది మా హేతువాద సంఘంవాళ్ళు. ఆమె మా సంఘంలో ఎన్నడూ సభ్యురాలు కాదు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని జగ్గయ్యపేటలో చర్చికి వెళ్ళే మనిషి. ఎక్కడ పుట్టారో, ఎక్కడ చదివారో నాకు తెలియదు. కనుక్కుని రాయొచ్చు. కానీ ఈమధ్య నాకు కనుక్కునే ఓపిక తగ్గింది. తెలిసినంత రాస్తాను. పేరు మాత్రం రాయను. మెచ్చుకుంటే ముఖం చిట్లించుకునే మనిషి.

నేను నందిగామ కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లో ఇద్దరం జగ్గయ్యపేటలో ఒకే బస్సు ఎక్కేవాళ్ళం. డ్రైవరు వెనక సీటు ఆమెది. అక్కడ ఎవరైనా కూర్చుని ఉంటే లేవమని అడగరు. పక్కన నిలబడి ఆ సీటువైపే చూస్తూ ఉంటారు. చిల్లకల్లు దాటేలోపు వాళ్ళే లేచేవాళ్ళు. సంచిని ఒళ్ళోనే పెట్టుకునేవారు, కింద పెట్టగా నేను చూడలేదు. సాయంత్రం తిరుగు బస్సులో కూర్చోగానే చిన్న సీసా తీసి చేతులకు స్పిరిటు రాసుకునేవారు. ఆ వాసనకు వెనక సీటువాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. ఒకసారి పక్కన కూర్చున్న పెద్దాయన, వేదాద్రి గుడికి వెళ్ళేవాడనుకుంటా, నొసట బొట్టుతో ఉన్నాడు, ఆమె చేతులవైపు చూసి "ఏంటమ్మా, అంటా?" అని అడిగాడు.

"అవునండి, అంటు. మీది కాదు, నాది. ఆసుపత్రినుంచి వస్తున్నా, మీకు అంటకూడదని" అన్నారామె.

అంటరానితనం మీద నేను ఎన్నో సభల్లో మాట్లాడాను. అంత చిన్నగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆమెకు పడని మాట ఒకటుంది: పవరు. పవర్ మందు, పవర్ ఇంజెక్షన్, ఇంకొంచెం పవరున్నది రాయండి. ఈ మాట చెవిన పడితే పక్కనున్నది ఎవరైనా సరే, "పవరు కరెంటుకి ఉంటుందండి, మందుకి ఉండదు" అనేవారు. తాళానికి సరిపోని తాళంచెవి ఎంత బరువుంటే ఏం లాభం అని విడమరిచేవారు. కండక్టరుకు కూడా ఈ పాఠం చెప్పారు. అతను టిక్కెట్లు కొడుతూ విన్నాడు. మర్నాడు దగ్గుకుంటూ, మేడం, ఏదైనా పవరున్నది చెప్పండి అని అడిగాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

నేను ఊరుకునే రకం కాదు కనుక దేవుడి సంగతి ఎత్తాను. అన్నం తినేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసే మనిషి, ఆ వెంటనే సూక్ష్మదర్శినిలోకి ఎట్లా చూడగలదని. ఆమె నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. "కనపడనివాటిని నమ్మడం నా ఉద్యోగమండీ, లెక్చరర్ గారూ. కాకపోతే క్రిమిని రెండ్రోజులాగితే మీకు చూపిస్తా. దేవుణ్ణి చూపించమంటే నేను మీతో వాదించను. మీరు ఖాళీగా ఉన్నారు, నాకు ల్యాబులో పనుంది" అన్నారు. వాదంలో నన్ను ఓడించినవాళ్ళున్నారు. ఖాళీగా ఉన్నావన్నది ఆమె ఒక్కరే.

రక్తం విషయంలో ఆమె చాదస్తం ఆసుపత్రంతా ఎరిగినదే. మొదటి మందు ఎక్కించకముందే రక్తం తీయాలి. రెండు చేతులనుంచి, విడివిడిగా, సీసాకు కావలసినంత తీయాలి. నర్సులు ఒక చేతినుంచే తీసి రెండు సీసాల్లో పోసేవాళ్ళు, అది తెలిసినప్పుడల్లా మెట్లెక్కి వార్డులోకి వచ్చేవారు. ఒంట్లో రక్తం లేక మనిషి పడిపోయుంటే ఇంకా తోడతారా అని తాలూకువాళ్ళు తగువుకొచ్చేవాళ్ళు. "మీ ఇంట్లో దొంగ దూరాడో లేదో ఒక్క గది చూసి చెప్పమంటారా?" అనేవారామె. ఒక చేతి రక్తంలోనే మొలిస్తే అది చర్మం మీది క్రిమి కావచ్చు. రెండు చేతుల్లోనూ మొలిస్తే రక్తంలోదే. ఇంత చిన్న లెక్కను ప్రతి కుటుంబానికీ కొత్తగా చెప్పడంలో ఆమె సగం జీవితం గడిచిందనిపిస్తుంది.

మా మెట్ట ప్రాంతంలో సూది వేయని వైద్యుణ్ణి వైద్యుడనరు. మిరపకోతల రోజుల్లో జ్వరమొస్తే కూలికి పోయే మనిషికి నాలుగు రోజులు పడుకునే తీరిక లేదు. సాయంత్రం సూది, పొద్దున పని. ఆ మనుషుల్ని నేను తప్పుపట్టను. తప్పుపట్టాల్సింది మమ్మల్ని. తాయెత్తులు కట్టేవాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడిగాం. విబూది రాల్చేవాడి గుట్టు వేదికలెక్కి విప్పాం. సూది జోలికి మాత్రం పోలేదు, అది సైన్సు కదా. ఏ క్రిమికో తెలియకుండా, ఏ మందో అడగకుండా పొడిపించుకున్న సూదికీ మంత్రించిన దారానికీ తేడా ఏమిటని మాలో ఒక్కడు ప్రశ్నించలేదు. తేడా ఉంది. దారంతో నష్టపోయేది కట్టించుకున్నవాడే. సూదికి చావని క్రిమి బతికి, పెరిగి, పక్కవాడి రక్తంలోకి కూడా పోతుంది. ఈ సంగతి నాకు ఆమె బస్సులో చెప్పారు. నేను ఒప్పుకోకుండా నందిగామ దాకా వాదించాను.

మా సంఘం అధ్యక్షులు మాస్టారు. జగ్గయ్యపేట దగ్గరి పల్లెలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. గొంతే ఆయన బలం. మైకు పాడైనా చివరి వరుసకు వినిపించేది. నాలుక మీద కర్పూరం వెలిగించి, ఇందులో మహిమ లేదు, ఉమ్మి ఉందని చెప్పి పిల్లల్ని నవ్వించేవారు. ఆ సమయంలో పక్కన నీళ్ళచెంబు పట్టుకుని నిలబడేది వాళ్ళ ఊరి ఆర్.ఎం.పి. డిగ్రీ లేకపోయినా ఊరంతా అతన్ని డాక్టరనే పిలుస్తుంది. మంచివాడు. ఏ వేళ పిలిచినా వస్తాడు. మా సభలకు పల్లెలనుంచి జనం వచ్చారంటే అతని మాట మీద వచ్చినవాళ్ళే.

ఒక ఎండాకాలం మాస్టారికి మూత్రంలో మంట మొదలై, వణుకుతో జ్వరంగా మారింది. ఆర్.ఎం.పి., నేను, మాస్టారి భార్య ఆయన్ని నందిగామ తీసుకెళ్ళాం. ముందు ఏమైనా మందులు వాడారా అని అక్కడ అడిగారు. మాస్టారు లేదన్నారు. ఆర్.ఎం.పి. గోడవైపు చూశాడు. రక్తం తీస్తుంటే, అసలే నీరసంగా ఉన్నారు, కొంచెం తీస్తే చాలని మాస్టారి భార్య నర్సును బతిమాలింది. నర్సు జాలిపడింది.

సీసాలో ఏమీ మొలవలేదు. మందులు ఎక్కుతున్నాయి, జ్వరం తగ్గలేదు, బి.పి. పడిపోతోంది. రక్తంలో ఏమీ లేదు కాబట్టి ఇది మరేదో జ్వరం కావచ్చునని, ఇంకో రోజు ఇవే మందులతో చూద్దామని వార్డు డాక్టరు అన్నారు. ఆ మధ్యాహ్నం ఆమె వార్డులోకి వచ్చారు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, మాస్టారి ముఖంలోకి చూస్తూ, ఇక్కడికి వచ్చేముందు ఏ సూది పడిందని అడిగారు. మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఆయన ఏ సూదీ వేయించుకోలేదని నేను గట్టిగా చెప్పాను, ఎందుకంటే నాకు అంతే తెలుసు.

మాస్టారి భార్య ఎన్నడూ మా సభలకు వచ్చిన మనిషి కాదు. గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "ఆయన చెప్పడమ్మా. ఈయన పేరు బయటికొస్తదని" అంటూ ఆర్.ఎం.పి.ని చూపించింది. "మీటింగ్ ఉన్నప్పుడల్లా ముందురోజు ఒకటి, గొంతు పోకుండా. ఏళ్ళ తరబడి. ఆస్పత్రికొచ్చే రోజు పొద్దున కూడా వేయించుకున్నాడు."

బాబాల చేతిలో దాచిన బూడిద పట్టుకున్నవాళ్ళం, మా మనిషి భుజంలో సూది కనిపెట్టలేకపోయాం. ఆర్.ఎం.పి. చేతులు నలుపుకుంటూ, "నేను వెయ్యకపోతే పక్కూరెళ్ళి వేయించుకుంటారు మేడం. మాస్టారైనా అంతే" అన్నాడు.

ఆమె అతన్ని తిట్టలేదు. ఏ మందో, ఎంతకాలం నుంచో అడిగి తెలుసుకున్నారు. ఆ పొద్దుటి సూదికి క్రిములు కొంత అణిగి ఉంటాయి, తీసిన కాస్త రక్తంలో దొరక్కుండా పోయాయి. అన్నేళ్ళుగా ఆ మందులకు చావకుండా మిగిలినవే ఇప్పుడు రక్తంలో ఉంటాయి, అంటే ఇప్పుడు ఎక్కిస్తున్న మందుకూ చావవు. వార్డు డాక్టరుకు ఇది చెప్పి, తరవాతి డోసు వేయకముందే తనే రెండు చేతులనుంచి రక్తం తీశారు. మాస్టారి భార్య ఈసారి అడ్డం రాలేదు.

మర్నాటికి రెండు చేతుల సీసాల్లోనూ మొలిచింది. ఆ పై రోజు నన్ను ల్యాబుకు పిలిచి, మూత వేసిన గాజుపళ్ళెం చూపించారు. క్రిములు పళ్ళెమంతా పలచటి పొరలా పరుచుకుని ఉన్నాయి. ఆ పొర మీద అక్కడక్కడా మందు అద్దిన చిన్న కాగితపు బిళ్ళలు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ క్రిములు చచ్చి గుండ్రంగా ఖాళీ ఏర్పడాలి. ఒక్కదాని చుట్టూ కూడా లేదు. పొర బిళ్ళల అంచులదాకా వచ్చి ఆనుకుని ఉంది.

"వీడు దేనికీ లొంగట్లేదండి" అన్నారామె. ఆ మాటలో భయం లేదు, విసుగూ లేదు. ఇటువంటివి చాలా చూసిన అలసట ఉంది.

చివరికి ఒక పాత మందు మిగిలింది. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని పక్కన పెట్టేసిన మందు. దాన్ని ఇంకో పద్ధతిలో పరీక్షించి, దానికి చస్తుందని తేల్చారు. అదే ఎక్కించారు. మాస్టారు సన్నబడ్డారు, కాళ్ళు వాచాయి, కానీ బతికారు. లేచి కూర్చున్న రోజున ఆమె వార్డుకు వస్తే, నీకేమిచ్చి రుణం తీర్చుకోవాలమ్మా అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

"మీ సభలో మైకు ముందు నిలబడి, మీకు ఈ జబ్బు ఎట్లా వచ్చిందో చెప్పండి మాస్టారూ. నేను చెబితే ల్యాబులో కూర్చున్నావిడ చాదస్తం అంటారు. మీరు చెబితే ఈ పల్లెలన్నీ వింటాయి. నాకేం వద్దు, అది చెప్పండి చాలు."

"మాటిస్తున్నా" అన్నారు మాస్టారు.

కోలుకున్నాక నందిగామలో సభ పెట్టాం. ఆమెకు సన్మానమని కరపత్రంలో వేస్తే, సన్మానమైతే రానన్నారు. మాస్టారు మాట్లాడతారని చెబితే వచ్చారు. వేదిక మీద ఒక చివర ఆమె, ఇంకో చివర ఆర్.ఎం.పి. మాస్టారిని సమయానికి ఆసుపత్రికి చేర్చాడని మావాళ్ళు అతనికి కూడా శాలువా సిద్ధం చేశారు. మాస్టారు చాలాసేపు మాట్లాడారు. గొంతు తిరిగి వచ్చింది. ప్రార్థనలు కాదు, మొక్కులు కాదు, సైన్సు నన్ను బతికించిందన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మధ్యలో ఒకసారి ఆగి ఆర్.ఎం.పి. వైపు చూశారు. నేను ఇప్పుడు చెబుతారనుకున్నాను. ఆమె కూడా అనుకున్నట్టుంది, ఒళ్ళో సంచి పట్టుకుని కొంచెం ముందుకు వంగారు. మాస్టారు మంచినీళ్ళు తాగి తాయెత్తుల మీదికి వెళ్ళిపోయారు.

ఆమెను మాట్లాడమంటే లేచి, "సైన్సు గెలిచిందంటున్నారు. గెలవలేదండి, ఈసారికి తప్పించుకున్నాం" అని కూర్చున్నారు. అది వినయమనుకుని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఆ వారమంతా నేను మాస్టారితో పోట్లాడాను. ఇచ్చిన మాట ఏమైందన్నాను. ఆయన తల దించుకుని, అతని పొట్ట కొట్టమంటావా అన్నారు. మన డాక్టరే తప్పుడు వైద్యం చేశాడంటే ఊళ్ళో బాబాలు నవ్వరా అన్నారు. సంస్కరణ ఉద్యమాలు ఎక్కడ చచ్చిపోతాయో నాకు ఆ రోజు అర్థమైంది. ఎదుటివాడు నవ్వుతాడేమోనని మనలో నిజం దాచుకునే చోట. ఈ వాక్యం అప్పుడే ఒక వ్యాసంలో రాశాను. చదివినవాళ్ళు అది ఇంకెవరి గురించో అనుకుని మెచ్చుకున్నారు.

ఆమె మాత్రం దెప్పలేదు. బస్సులో కనిపించినప్పుడల్లా నన్ను ఒక్కటే అడిగేవారు, "మాస్టారి గొంతు ఎట్లా ఉందండి?" అని. బాగానే ఉందనేవాణ్ణి. మాస్టారు ఆ తరవాత సూది వేయించుకోలేదు, అది కూడా చెప్పాను. "ఆయన సరే" అని కిటికీవైపు తిరిగారు. ఆయన ఒక్కడూ మానడం ఆమె అడిగింది కాదు. అప్పటికి ల్యాబులో ఖాళీ ఏర్పడని పళ్ళేలు ఎక్కువవుతున్నాయని, ఆ పాత మందుకు కూడా లొంగనివి రావడం మొదలైందని ఒకసారి చెప్పారు. చెప్పి, స్పిరిటు సీసా మూత బిగించి, కళ్ళు మూసుకున్నారు. ప్రార్థనో నిద్రో నేను అడగలేదు.

ఆమె పోయాక జగ్గయ్యపేట చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి జరిపే ప్రార్థన అది. మాస్టారు తనూ వస్తానన్నారు. ఆర్.ఎం.పి.ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. దారిలో అతనితో ఏదో మాట్లాడుతూనే ఉన్నారు, నేను వెనకబడ్డాను. చెప్పులు బయట విడిచి, చివర చాప మీద కూర్చున్నాం. పాటలయ్యాయి. ఎవరైనా అమ్మగారి గురించి మాట్లాడతారా అని పాస్టరుగారు అడిగారు. మాస్టారు నా భుజం పట్టుకుని లేచారు.

ఇప్పుడు ఆ గొంతు మైకులోనే సరిగ్గా వినపడదు. "నేను దేవుణ్ణి నమ్మనండి. ఈవిడ నమ్మేది. నన్ను బతికించింది ఈవిడే. బతికితే ఒక సంగతి నలుగురిలో చెబుతానని మాటిచ్చా, చెప్పలా. ఇప్పుడు చెప్తున్నా. ఉపన్యాసాల కోసమని ఏళ్ళ తరబడి సూదులు వేయించుకున్నా. ఏ డాక్టరూ రాయలా, నాకు నేనే రాసుకున్నా. వాటికి చావని పురుగు నా రక్తంలో పెరిగింది. ఈవిడ అడిగితే దాచా. వేసినాయన్ని ఏమీ అనబాకండి, వెయ్యమని వెంటపడ్డది నేను. మీరట్లా చెయ్యబాకండి."

ముందు వరుసలో ఎవరో "స్తోత్రం" అన్నారు. పది గొంతులు అందుకున్నాయి. దారి తప్పిన మనిషి నలుగురిలో నిలబడి తన తప్పు చెప్పుకోవడం అక్కడ రోజూ వినే సాక్ష్యం. ప్రభువు మార్చిన మనుషుల్లో మాస్టారు ఒకరయ్యారు. ఒక ముసలావిడ దగ్గరికొచ్చి, దేవుడు నీ మనసు కరిగించాడయ్యా అని ఆయన చెయ్యి పట్టుకుంది. మాస్టారు వాదించడానికి నోరు తెరిచారు. తెరిచి, మూసుకున్నారు. ఆర్.ఎం.పి. తల వంచుకుని చాప మీదే కూర్చుండిపోయాడు.

బయట మెట్ల దగ్గర ఒకాయన మాకోసం కాచుకుని ఉన్నాడు. చెవిటికల్లు నుంచి వచ్చాడట, కూలిపని, ఆమెకు దూరపు చుట్టం. మాస్టారికి దణ్ణం పెట్టి, "బాగా చెప్పారండి. మా కోడలికి జొరం ఎంతకీ తగ్గట్లా. మిమ్మల్ని బతికించిన ఆ ఆఖరి మందు పేరేంటండి? ఇక్కడ షాపులో దొరికిద్దా?" అని అడిగాడు.

మాస్టారు నావైపు చూశారు. తరవాత ఆయనకు చెప్పడం మొదలుపెట్టారు. ముందు ఏ సూదీ వేయించకుండా రక్తం తీయించాలని, ఎందుకు తీయించాలని, ఏ మందు ఎవరికి పనిచేస్తుందో పరీక్ష చేస్తేగాని తెలియదని. వచ్చినాయన తువ్వాలు చేతిలో పట్టుకుని, మధ్యలో అడ్డం రాకుండా ఎంతో మర్యాదగా అంతా విన్నాడు.

"అయ్యన్నీ చేయిద్దామండి. ముందు పేరు చెప్పండి" అన్నాడు.

మాస్టారు మెట్టు మీద కూర్చున్నారు. ఆయన్ని కూడా పక్కన కూర్చోమని, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు.